వదినకు నచ్చిన బండి

వదిన పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర ఒకరి తర్వాత ఒకరు అదే మాట అన్నారు. "మహాతల్లి. అన్నదమ్ములిద్దర్నీ కడదాకా కలిపి ఉంచింది." నేను వరసలో మజ్జిగ పోస్తూ, ప్రతి విస్తరి దగ్గరా తలూపుతూ పోయాను.

ఆ మాట నిజం కాదు. మమ్మల్ని విడగొట్టింది ఆమే. ఎంత నేర్పుగా విడగొట్టిందంటే, తెగిన చోటు ఎక్కడుందో చుట్టాలకు ఈనాటికీ కనపడలేదు. అందులో నాకూ భాగం ఉంది. ఇన్నేళ్లూ నేను ఆ సంగతి ఎత్తలేదు. ఆమె ఎత్తనివ్వలేదని చెప్పుకోవచ్చుగానీ, అది కూడా తప్పించుకునే మాటే.

వదిన పొట్టి మనిషి. పెళ్లయి మా ఇంటికి వచ్చిన నాటి కడప జిల్లా మాటను హైదరాబాదులో ఎన్నేళ్లున్నా వదల్లేదు. బజారుకు వెళ్తే ఆమెతో నడవాలంటే నాకు సిగ్గుగా ఉండేది. వస్తువును చూసి కొనే అలవాటు ఆమెకు లేదు, వాడి చూసి కొనేది. ఒకసారి మంచం కొనడానికి వెళ్లి, దుకాణంలోనే చెప్పులు విడిచి, మంచం మీద పడుకుని కళ్లు మూసుకుంది. దుకాణదారు కంగారుపడ్డాడు.

"అమ్మా, జర లేవుండ్రి. గిరాకీలు చూస్తున్నరు."

"పడుకునేదానికి కాదా ఇది? నిలబడి చూస్తే ఎట్ల తెలుస్తాది నాయనా?" అంది కళ్లు తెరవకుండానే. నేను రోడ్డు మీదికి వచ్చి, ఆమె ఎవరో తెలియనట్టు నిలబడ్డాను.

కొనేముందు ఆమె ఒక ప్రశ్న తప్పకుండా అడిగేది. కుక్కరైనా, మిక్సీ అయినా, ఫ్రిజ్ అయినా. "ఇది చెడిపోతే ఎవర్ని తిట్టాల?" అమ్మేవాళ్లు వారంటీ కాగితం చూపించేవాళ్లు. "కాగితాన్ని తిడితే ఏమొస్తాది? నీ పేరు చెప్పు" అనేది. పేరు చెప్పించుకున్నాకే వస్తువు ఇంటికొచ్చేది. తర్వాత ఎప్పుడైనా మిక్సీ మొరాయిస్తే, రోట్లో పచ్చడి నూరుతూ ఆ మనిషిని పేరు పెట్టి మరీ తిట్టేది. ఆ పూట పచ్చడి బాగుండేది కూడా.

ఇంకో అలవాటు, ఇంట్లో ఏ విషయమైనా అందరి అభిప్రాయమూ అడగడం, తనది చెప్పకపోవడం. వంకాయలు తరుగుతూ అడిగేది. మనం చెప్పింది విని "అట్లనా" అనేది. ఆమె "అట్లనా"ల్లో సరే అనేదీ ఉంది, నీ మొహం అనేదీ ఉంది. ఏది ఏదో తెలుసుకోవడానికి అన్నకు చాలా ఏళ్లు పట్టిందట. నాకైతే ఎప్పుడూ తెలియలేదు.

తొంభైల చివర మేం ఎనిమిది మందిమి కొండాపూర్‌లో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అన్న, వదిన, వాళ్లకిద్దరు పిల్లలు. నేను, మా ఆవిడ, మా అబ్బాయి. అమ్మ. వంటిల్లు ఒకటే. అన్న కరెంటాఫీసులో పనిచేసేవాడు. నేను మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆ ఏడాది అన్నకు పుప్పాలగూడ వైపు బదిలీ అయింది. మెడనొప్పితో స్కూటరు మానేసిన మనిషి. కొండాపూర్ నుంచి అటు సరైన బస్సు లేదు. ఇక రెండే దారులు. అందరం పట్టే పెద్ద బండి కొని, పిల్లల్ని పట్టుకోవడానికి వదినను కూడా ఎక్కించుకుని, నేను పొద్దున్నే పిల్లల్ని బడిలో, అన్నను ఆఫీసులో దింపి, వదినను ఇంటి దగ్గర వదిలి నా పనికి వెళ్లడం. లేదంటే అన్నావాళ్లు పుప్పాలగూడలోనే ఇల్లు చూసుకోవడం. మొదటి దారి గురించి ఇంటిల్లిపాదీ రోజూ మాట్లాడుకునేవాళ్లం. రెండోది ఎవరి నోటా రాలేదు.

నా మనసులో ఉన్నది ఆ రెండోదే.

నాకు వేరు పడాలని ఉండేది. ఎవరూ నన్ను బాధపెట్టలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. దెబ్బలాడి వెళ్లిపోవడానికి ఒక్క కారణమైనా ఇవ్వని ఇల్లు అది. చిన్నప్పట్నుంచి నా ఫీజులు కట్టిన అన్న, నేను ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం వేడిచేసి పెట్టే వదిన. వాళ్లతో "నాకు నా ఇల్లు కావాలి" అని ఎలా అనడం? మా ఆవిడ ఒకటి రెండుసార్లు, "మీకు అలా అనిపిస్తే మీ అన్నయ్యగారితో చెప్పండి, నన్ను మధ్యలో పెట్టకండి" అంది. నేను చెప్పలేదు. చెప్పాల్సిన మాటను బండి చేత చెప్పిద్దామనుకున్నాను. అందుకని చోటు లేని బండి కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఎస్‌యూవీ అంటున్నాం. అప్పుడా మాట మా నోళ్లలో లేదు. పెద్ద బండి అనేవాళ్లం. అన్న మనసు ఎనిమిది మంది పట్టే డబ్బా లాంటి బండి మీద ఉంది. ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, వెనక ఎదురెదురుగా అడ్డంగా రెండు బల్లలు. నా మనసు కొత్తగా వచ్చిన ఎత్తైన బండి మీద. ఐదుగురు హాయిగా కూర్చోవచ్చు. వెనక డిక్కీలో సామాన్ల చోట రెండు మడత సీట్లున్నాయిగానీ, అవి మనుషులకని కంపెనీవాళ్లూ గట్టిగా చెప్పరు. పవర్ స్టీరింగ్, మీట నొక్కితే దిగే అద్దాలు, వెనకవాళ్లక్కూడా ఏసీ. ఆ కాగితాలు తెచ్చి భోజనాల దగ్గర చదివి వినిపించేవాణ్ణి. అద్దాల గురించి నేను చెప్పినంత భక్తిగా మా ఇంట్లో ఎవరూ పురాణం కూడా చదివి ఉండరు.

"చేత్తో తిప్పితే దిగవా అద్దాలు?" అనేవాడు అన్న.

"భద్రత కూడా ఉందన్నా. బాడీ గట్టిది."

"ఎనిమిది మందిలో ఐదుగురికే భద్రత ఏంది రా?"

"అట్లనా" అనేది వదిన, ఇద్దరితోనూ.

అమ్మ మాత్రం తేల్చేసింది. "నాకు ముందు సీటు యాడుంటే ఆ బండే."

ఒక ఆదివారం అన్న చెప్పిన బండి చూడడానికి నేను, అన్న, వదిన వెళ్లాం. షోరూమ్‌లో బండి అమ్మే కుర్రాడు ఇంజిను గురించి ఉత్సాహంగా చెప్పబోతుంటే వదిన ఆపింది.

"అది వాళ్లకు చెప్పుదువులే. పిల్లోడు కక్కుకుంటే యాడ కక్కుకోవాల?"

కుర్రాడు తడబడ్డాడు. "మేడమ్, గా కిటికీ పెద్దగనే ఉంటది."

"నీళ్ల సీసా యాడ పెట్టాల? చీర కొంగు తలుపులో పడకుండా ఏం చేసినారు? ఇది చెడిపోతే ఎవర్ని తిట్టాల?"

"మా మేనేజర్‌ను తిట్టుండ్రి మేడమ్. ఆయనకు అలవాటే" అన్నాడు. వదినకు కుర్రాడు నచ్చాడు.

నడిపి చూద్దామని బయల్దేరాం. వదిన వెనక అడ్డబల్ల మీద కూర్చుంది. కొంత దూరం పోయాక ఎందుకో తన కాళ్లకేసి చూసుకుంది. "నా చెప్పులు!" అంది. కొత్త బండి కదా అని, గడప దాటినట్టు చెప్పులు షోరూమ్ ముందు విడిచి ఎక్కింది. వెనక్కి తిప్పుకుని వెళ్తే, అవి రోడ్డు వైపు మొహం పెట్టి బుద్ధిగా ఎదురుచూస్తున్నాయి. అన్న పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే, "ఎనిమిది మందికీ సరిపోతాది రా. ఇదే తీసుకుందాం" అన్నాడు. "నేను చెప్పింది కూడా ఒకసారి చూడన్నా" అన్నాను.

మరుసటి ఆదివారం ఎత్తు బండి దగ్గరికి వెళ్లాం. అన్న మంచి మనసుతోనే వచ్చాడు. బానెట్ ఎత్తించి, అక్కడి అమ్మకందారుతో మైలేజి గురించి మాట్లాడుతూ ముందు వైపు నిలబడ్డాడు. వదిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు తీయించి, చీర పైకి ఎగదోపుకుని డిక్కీలోకి ఎక్కింది. ఆ మడత సీట్లలో ఒకటి దించుకుని కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"రా అబ్బీ, నువ్వూ కూచో" అంది ఎదుటి సీటు చూపిస్తూ.

కూర్చున్నాను. ఆమె మోకాళ్లూ నా మోకాళ్లూ తగులుకుంటున్నాయి. ఆమె కాసేపు కళ్లు మూసుకుంది, మంచాల దుకాణంలోలాగా.

"బాగుంది బండి" అంది. "తీసుకో."

"అందరం పట్టం కదా వదినా" అన్నాను. నా గొంతులో ఎంత విచారం పెట్టానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"పట్టము. అందుకే కదా నీకు నచ్చింది."

నేను అన్న వైపు చూశాను. అతను బానెట్ వెనక ఉన్నాడు.

"మీయన్నకు వినపడదులే. నన్ను చూడు. వేరుగా ఉండాలని ఉండాదా లేదా?"

నాకు చెమటలు పట్టాయి. ఔనంటే ఆమె ఏడుస్తుందేమో, లేదంటే నమ్మదేమో. చివరికి తలూపాను. ఆమె నన్ను చూసి హమ్మయ్య అన్నట్టు పెద్ద ఊపిరి వదిలింది.

"నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తాండా. నువ్వు చూస్తే అద్దాలు, ఏసీ అని పురాణం పెట్టినావు."

"నీకు కోపం లేదా వదినా?"

"కోపమా? నువ్వొక్కనివే అనుకుంటాండావా? పెండ్లైన కాడ్నుంచి ఈ ఇంట్లో సంగటి కెలికే చెయ్యి ఇది. ఈ పొద్దు ఏం కూర వదినా, ఈ పొద్దు ఏం కూర అమ్మా అని ఎవురూ అడగని వంటిల్లు ఒకటి నాకు కావాల. ఒక్కరోజు ఉత్త చారు చేసుకోని పండుకోవాల. నీ పెండ్లాం మంచిదే, నువ్వూ మంచోనివే. మంచోల్లకు వండినా చెయ్యి నొయ్యదా?"

నాకు అప్పటిదాకా తట్టని సంగతి అది. నేను ఆమెను వదిలి పోతున్నానని నా మీద నేనే జాలిపడుతూ వచ్చాను. ఆమెకు కూడా వదిలి పోవాలని ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ డిక్కీలో నాకు సిగ్గు వేసింది. సిగ్గును మించి హాయి కలిగింది. మెడ మీద నుంచి ఎవరో మూట దించినట్టయింది.

"మరి నువ్వైనా అన్నతో చెప్పొచ్చు కదా?"

"నేను చెప్తే పెద్దకోడలు ఇల్లు ఇరగ్గొట్టింది అంటారు. నువ్వు చెప్తే నీ పెండ్లాం చెప్పిచ్చింది అంటారు. బండి మీదికి తోసేస్తే ఎవురికీ మాట రాదు. తిట్టుకునేవోల్లు బండిని తిట్టుకుంటారు." కొంచెం ఆలోచించింది. "రేపు వారం ఆ డబ్బా బండి ఇంగోసారి తీపిద్దాం. నువ్వు మాత్రం నోరు తెరవొద్దు. నీకు అబద్ధం చెప్పేది రాదు. చూడు, మొగమంతా ఎట్ల చెమట పట్టిందో."

ఆ తర్వాతి వారం మొదటి షోరూమ్ కుర్రాడే బండి తెచ్చాడు. నార్సింగి వైపు వెళ్లాం. అటు అప్పుడు రోడ్డు కన్నా బండరాళ్లు ఎక్కువ. అన్న ముందు కూర్చుని సంతోషంగా చుట్టూ చూస్తున్నాడు. ఒక గుంతలో బండి ఊగిందో లేదో, వెనక నుంచి వదిన అరిచింది.

"ఆపండప్పా! ఆపండి!"

బండి ఆగకముందే దిగి, ఒక రాతి చాటుకు పరుగెత్తి వంగింది. అన్న నీళ్ల సీసాతో వెనకే పరుగెత్తాడు. ఆమె పుక్కిలించి, రాయి పట్టుకుని నిలబడి, నీరసంగా అంది. "పక్కకు కూచుంటే నాకు తిప్పుతాండాది. ఈ బండి నాకు పడదు."

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ కుర్రాడు ఊరుకోలేదు.

"జర పరేషాన్ కాకుండ్రి మేడమ్. కొందరికి అడ్డంగ కూసుంటే పడది. వెనక సీట్లు ముందుకు తిప్పి పెట్టిస్తం. మస్తు మందికి చేసిచ్చినం."

అన్న మొహం విప్పారింది. "అట్ల చేస్తారా? అయితే ఇంకేం?"

వదిన రాయి వదల్లేదు. "వద్దు నాయనా. తిప్పినా పడదు. నాకు డీజిలు వాసనే పడదు."

"మరి వాడు చెప్పే ఆ ఎత్తు బండి కూడా డీజిలే కదా" అన్నాడు అన్న.

నేను దూరంగా ఉన్న కొండల్ని చూస్తూ నిలబడ్డాను. వదిన ఇంకోసారి పుక్కిలించింది. ఆలోచించుకోవడానికి ఆమెకు అంత సమయం చాలు.

"అందుకే చెప్తాండా, నాకు రోజూ బండి ఎక్కే గాచారమే వద్దు. వాల్లకు నచ్చిన బండి వాల్లు కొనుక్కోనీ. నీ ఆఫీసు పుప్పాలగూడలో కదా. ఆడనే చిన్న ఇల్లు తీసుకుంటే నువ్వు నడిచిపోతావు. పిల్లోల్లకూ ఆడ బడి ఉండాది. వీల్లు బండేసుకోని ఆదివారాలు వస్తా పోతా ఉంటారు. నడుమ ఎంత దూరమని?"

అన్న ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆమె చెప్పినట్టే నేను నోరు తెరవలేదు. చెమట మాత్రం ఆపలేకపోయాను. "సరేలే, పోదాం పా" అన్నాడు అన్న. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను నొప్పి అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకుంటూ వచ్చాను.

నేను ఎత్తు బండి కొన్నాను. పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది అన్నే. ఆ నెలాఖరుకే వాళ్లు పుప్పాలగూడలో రెండు గదుల ఇంటికి మారారు. అమ్మ కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ, మధ్య ప్రయాణమంతా ముందు సీట్లో. కొత్త ఇంటికి వెళ్లిన మొదటి ఆదివారం వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, "నిన్న ఒక్క చారే చేసినా అబ్బీ. ఎవురూ నోరెత్తలే" అని చెవిలో చెప్పింది. పదోతరగతి పాసైన పిల్లలా ఉంది ఆమె మొహం.

ఆ అబద్ధం మాత్రం ఆమెను వదల్లేదు. వదినకు బండి పడదు అన్న మాట చుట్టాలందరికీ పాకిపోయింది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు చేతిలో నిమ్మకాయ పెట్టేవాళ్లు. అల్లం మురబ్బా తెచ్చేవాళ్లు. "పాపం, కిటికీ తెరవండి" అనేవాళ్లు. ఆమె ప్రతి ప్రయాణంలోనూ కొంత దూరం నీరసంగా తల వాల్చాల్సి వచ్చేది. నేను నడుపుతూ అద్దంలో చూస్తే, ఆమె ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకునేది. నేను ఒక్కమాట చెప్పి ఉంటే ఆమె హాయిగా మురుకులు తింటూ కూర్చునేది. చెప్పలేదు. నా సౌఖ్యానికి ఆమె చేత ఇరవై ఏళ్లకు పైగా నిమ్మకాయ వాసన చూపించాను. ఒకసారి ఆ మాటే ఆమెతో అన్నాను.

"ఊరుకో అబ్బీ. ఇప్పుడు చెప్తే ఇన్ని నిమ్మకాయలు తెచ్చినోల్లంతా నన్ను కొడతారు" అంది.

పెద్దకర్మ సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక, అన్న వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. డిక్కీలో కూర్చోవడం, ఆమె అడిగింది, నేను తలూపింది, నార్సింగి దారిలో రాతి చాటున ఏమీ జరగకపోవడం. నేను ఆపాక అన్న అడిగాడు.

"ఆమెకు కక్కొచ్చిందని నేను నమ్మినాననుకున్నావా?"

"నమ్మలేదా?"

"పెండ్లైన కొత్తలో తిరుమలకు ఘాటు రోడ్డులో పోతాన్యాము. బస్సంతా కక్కుకుంటాన్యారు. మీ వదిన కిటికీ పక్కన కూచోని వేరుసెనక్కాయలు వొలుచుకోని తినింది. ఆమెకు కక్కొచ్చేది యాడ రా?"

"మరి ఆరోజు ఎందుకు ఒప్పుకున్నావన్నా?"

అన్న కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"ఎనిమిది మందికి ఆ ఇంట్లో బాత్రూమ్ ఒకటి. పొద్దున్నే పేపరు పట్టుకోని పోయి, ఎవురూ తలుపు కొట్టకుండా కూచోవాలని నాకు ఉండదా? పెద్దోన్ని. యా నోటితో అడిగేది?"

ముందు నాకే నవ్వు వచ్చింది. తర్వాత అన్నకు. ఆపుకుందామంటే ఇద్దరికీ ఆగలేదు. మా ఆవిడ లోపల్నుంచి గాబరాగా వచ్చి, "ఇవాళ కూడా ఏం నవ్వులండీ మీకు, ఎవరైనా వింటే బాగుంటుందా" అని కసిరింది.

అన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఏం లేదమ్మా. మీ అక్క మమ్మల్ని వేరు పెట్టిన సంగతి చెప్పుకుంటాండాం" అన్నాడు.